ఆవగింజలో దారులు

ఫోటోలో చూస్తే అది కారప్పూస బిళ్లలా ఉంటుంది. గుండ్రటి ముక్క, ఒంటి నిండా చిల్లులు. నట్టనడుమ మాత్రం చిల్లుల్లేని చోటొకటి ఇంగ్లీషు ‘హెచ్’ అక్షరంలా కనిపిస్తుంది. కింద కొలత రాయకపోతే వంటింటి సామానే అనుకుంటాం. కొలత చదివాక మళ్లీ ఒకసారి చూస్తాం. మొత్తం ముక్క 2 మిల్లీమీటర్లు. పోపుడబ్బాలో కాస్త లావుపాటి ఆవగింజంత. ఆ ఆవగింజలో ఈ కొస నుంచి ఆ కొసకు డజన్లకొద్దీ సొరంగాలున్నాయి. ఒక్కో సొరంగం వెడల్పు 200 మైక్రాన్లు, అంటే రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత.

ఎలుక వెన్నుపాము తెగినచోట, ఆ ఖాళీలో కూర్చోబెట్టడానికి చేసిన ముక్క ఇది. చేసింది అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియెగో ప్రాంగణంలో. షావోచెన్ చెన్ అనే నానో ఇంజినీరు, మార్క్ టుజిన్‌స్కీ అనే నాడీశాస్త్రవేత్త, వీళ్లిద్దరి ప్రయోగశాలలూ కలిసి చేసిన పని. 2019 జనవరిలో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం మీద మొదటి పేర్లు జేకబ్ కాఫ్లర్, వే ఝూలవి. వెన్నుపాము గాయానికి మందు దొరికిందనే వార్తలు ఏటా ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉంటాయి. చదివి పక్కన పెట్టేయడం నాకు అలవాటైపోయింది. దీన్ని మాత్రం పెట్టలేకపోయాను. కంసాలి చేసిన సన్నపని నగని వెలుతురుకి తిప్పి తిప్పి చూస్తామే, అలా చూడాల్సిన వస్తువనిపించింది. ఆ పనితనమంతా చిల్లుల్లోనే ఉందని నా అభిప్రాయం. చేసినవాళ్లు ఏం పెట్టారన్నదానికంటే ఎక్కడ ఖాళీ వదిలారన్నదే ఇందులో గొప్ప.

ఆ ఖాళీ విలువ తెలియాలంటే తెగిన వెన్నుపాములో ఏం జరుగుతుందో ముందు చూడాలి. మనిషి వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, లావు చిటికెన వేలంత. మెదడు నుంచి కిందికి ఆజ్ఞలు మోసేవి, కింది నుంచి మెదడుకి కబుర్లు చేర్చేవి, నాడీకణాల పొడుగాటి తోకలు ఇందులోంచే పోతాయి. బడి పుస్తకాల్లో వాటిని తంత్రికాక్షాలంటారు, డాక్టర్ల నోట ఆక్సాన్లు. వెన్నుపాముని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు బూడిదరంగు భాగం ఉంటుంది. కణాల ఒడళ్లు అక్కడ. దాని చుట్టూ తెల్లటి భాగం, అందులో ఆక్సాన్ల కట్టలు. ఎన్ని కట్టలున్నా దేని దారి దానిదే. కాలు కదపమని చెప్పే కట్ట వేరు, కాలికి ముల్లు గుచ్చుకుందని చెప్పే కట్ట వేరు.

ఇది తెగితే ఆక్సాన్ కొస ఊరుకోదు, కాస్త చిగురు వేస్తుంది. కొంచెం పాకి ఆగిపోతుంది. స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రామోన్ ఇ కహాల్ వందేళ్ల కిందటే దీన్ని సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మలు గీశాడు. పెద్దయ్యాక ఈ దారులు మళ్లీ పడవని తేల్చేశాడు. అంతకు మూడున్నర వేల ఏళ్ల ముందే, ఎడ్విన్ స్మిత్ పపైరస్ అని ఇప్పుడు పిలిచే ఈజిప్టు వైద్యపత్రం, మెడ ఎముక తప్పి కాళ్లూ చేతులూ పడిపోయిన మనిషిని వైద్యానికి లొంగని కేసుల్లో చేర్చింది. అప్పటి నుంచి కహాల్ దాకా తీర్పు ఒకటే.

ఆ తీర్పులో పెద్ద పగులు 1981లో కెనడాలోని మాంట్రియల్‌లో పడింది. ఆల్బర్ట్ అగ్వాయో, శామ్యూల్ డేవిడ్ ఒక ఎలుక ఒంట్లోంచి మామూలు నరం ముక్క తీసి, ఒక కొస మెదడు కిందిభాగంలో, ఇంకో కొస వెన్నుపాములో గుచ్చారు. పెరగవు అనుకున్న ఆక్సాన్లు ఆ నరం లోపల 30 మిల్లీమీటర్ల దాకా పెరిగాయి. నరం దాటి వెన్నుపాములోకి అడుగు పెట్టగానే ఆగిపోయాయి. అంటే విత్తులో చేవ ఉంది, చవుడు నేలలో ఉంది. గాయం చుట్టూ కట్టే మచ్చ, ఆక్సాన్ల చుట్టూ తొడుగుగా ఉండే మైలిన్‌లోంచి వచ్చే కొన్ని ప్రోటీన్లు, కణాలు చచ్చాక మిగిలే నీటి గుంట, ఇవన్నీ కలిసి దారి మూసేస్తాయి. నలభై ఏళ్లుగా ఈ రంగంలో జరుగుతున్నదంతా ఒక రకంగా ఆ నేలని బాగుచేసే పనే.

టుజిన్‌స్కీ బృందం వేరే వైపు నుంచి వచ్చింది. పాత మొక్క ఈ నేలలో పెరగనంటే, నేలని లెక్కచేయని పసి మొక్కని తెచ్చి నాటితే? 2012లో ‘సెల్’ పత్రికలో వాళ్లు, పాల్ లూ మొదటి పేరుగా, ఒక ప్రయోగం రాశారు. గర్భంలో 14 రోజుల వయసున్న ఎలుక పిండం వెన్నుపాములోంచి నాడీ మూలకణాలు తీశారు. జెల్లీచేప నుంచి వచ్చిన ఆకుపచ్చ ప్రోటీన్ ఆ కణాల్లో మెరుస్తుంది, కనక ఎవరు పాతకాపు, ఎవరు కొత్తగా వచ్చారన్నది సూక్ష్మదర్శినిలో ఇట్టే తెలిసిపోతుంది. ఫైబ్రిన్‌లో, అంటే దెబ్బ మీద రక్తం గడ్డకట్టేటప్పుడు అల్లుకునే పీచులో, పెరుగుదలకి కావాల్సిన ప్రోటీన్లతో పాటు ఆ కణాలని కలిపి, వెన్నుపాము పూర్తిగా తెగిన ఎలుకకి ఆ గాయంలో నింపారు. ఫైబ్రిన్ లేకపోతే కణాలు ఆ గుంటలో నిలవవు. మేస్త్రీ ఇటుకల మధ్య సున్నం పెట్టినట్టు.

ఒక్కో ఎలుకలో 29,000 దాకా కొత్త ఆక్సాన్లు గాయంలోంచి బయటికొచ్చాయి. రోజుకి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున, మైలిన్ అడ్డుపడుతున్నా ఖాతరు చేయకుండా, పైకీ కిందికీ పాకాయి. పసికణాలకి ఆ అడ్డు వినిపించదు.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతొకటుంది. తెగిన తీగకి తీగ ముడివేసినట్టు పాత ఆక్సాన్‌ని పాత ఆక్సాన్‌తో అతకడం కాదు ఇది. పూర్వం తపాలా సంచి ఒక రన్నరు భుజం నుంచి ఇంకో రన్నరు భుజానికి మారేది. మొదటివాడు ఊరిదాకా రానక్కర్లేదు. పైనుంచి తెగిన ఆక్సాన్ గాయం అంచు దాటి, నాటిన కణాన్ని పట్టుకుంటే చాలు. ఆ కణం తన తోకని కిందికి పంపి, కింద మిగిలి ఉన్న కణాన్ని పట్టుకుంటుంది. సంచి చేతులు మారుతుంది. నిజంగా మారిందా అన్నదానికి వాళ్లు చేసిన పరీక్ష కర్కశమే కానీ ముచ్చటైనది. వెనక కాళ్లలో కదలిక కొంత తిరిగొచ్చిన ఎలుకలకి, నాటుకి, అంటే నాటిన కణాల ముద్దకి, సరిగ్గా పైన వెన్నుపాముని మళ్లీ కోశారు. వచ్చిన కదలిక పోయింది. కదలిక కింద దానంతట అదే పుట్టలేదు, ఈ దారిలోనే వచ్చిందని రుజువైంది.

ఏ కణమైనా ఈ పనికి పనికొస్తుందా? రాదని అదే బృందం 2016లో చూపించింది. సంకల్పించి కాలో చెయ్యో కదిలించడానికి మనిషిలో ప్రధాన మార్గం ఒకటుంది, మెదడు పైపొర నుంచి నేరుగా వెన్నుపాములోకి దిగేది. అన్నిటికంటే మొండిది అదే. నాటిన కణాలు మెదడు భాగానికి చెందినవైతే అది మొహం తిప్పుకుంటుంది. వెన్నుపాముకి చెందినవైతే లోపలికి వస్తుంది. మన పెళ్లిళ్లలో సగోత్రం పనికిరాదు, ఇక్కడ సగోత్రమైతేనే సంబంధం కుదురుతుంది.

ఇంత బాగుంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కావాలి. అదే విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణంలో ఆస్వాల్డ్ స్టూవర్డ్ బృందం 2012 ప్రయోగాన్ని మళ్లీ చేసి చూసింది. ఆక్సాన్లు విరివిగా పెరగడం వాళ్లకీ కనిపించింది. కదలిక మెరుగుపడటం మాత్రం అంత స్పష్టంగా రాలేదు. నాటు అన్ని ఎలుకల్లోనూ గాయాన్ని నిండుగా పూడ్చలేదు, కొన్ని కణాలు దూరంగా పోయి అక్కడ గుంపు కట్టాయి. ఇలా మళ్లీ చేసి చూసేవాళ్లకి పేరూ రాదు, డబ్బూ రాదు. ఈ రంగంలో నిజమైన పెద్దమనుషులు వాళ్లే అని నాకనిపిస్తుంది.

లోపం ఎక్కడుందో ఇప్పుడు కంటికి కనిపిస్తుంది. ఫైబ్రిన్ కణాలని పట్టుకుంటుంది, దిక్కు మాత్రం చూపదు. దాంట్లో ఆక్సాన్లు పిచ్చిమొక్కల్లా నలుదిక్కులా పెరుగుతాయి. కారప్పూస పిండిని బిళ్ల లేకుండా నూనెలోకి జారవిడిచినట్టు. పిండి మంచిదే, నూనె మంచిదే, పూస మాత్రం రాదు.

బిళ్ల చేయాలన్న ఆలోచన అప్పటికే పాతది. సముద్రపు నాచులోంచి తీసే అగరోజ్‌తో, పొడవునా నిలువు చిల్లులుండే ముక్కలు టుజిన్‌స్కీ బృందమే 2006 నాటికి చేసింది. ఆక్సాన్లు ఆ చిల్లుల్లో బుద్ధిగా తిన్నగా పెరిగాయి. చిక్కు గోడల దగ్గర వచ్చింది. గోడలు మందమైతే ముక్కలో సగం స్థలం అవే తినేస్తాయి, దారికి చోటుండదు. పలచనైతే ఒంట్లో ఒత్తిడికి చిల్లు మూసుకుపోతుంది. పైగా ఆక్సాన్ చిల్లు లోపలికి వచ్చినంత సులువుగా బయటికి పోదు. పరాయి వస్తువు చుట్టూ శరీరం పొర కట్టి ద్వారం మూసేస్తుంది. ముందుకు దారి లేని సొరంగం అది.

చెన్ దగ్గరకొచ్చేసరికి కథ మారింది. ఆయన చేతిలో ఉన్నది వెలుతురుతో అచ్చువేసే యంత్రం. మామూలు త్రీడీ ప్రింటర్లు గోరింటాకు కోనులా పదార్థాన్ని సన్నటి మూతిలోంచి పిండుతూ గీత మీద గీత, పొర మీద పొర పేరుస్తాయి. ఎంత సన్నగా గీసినా గీతల మధ్య గాట్లు పడతాయి. పైగా గంటలు పడుతుంది. చెన్ యంత్రంలో పిండేది ఏదీ లేదు. లక్షల బుల్లి అద్దాలున్న చిప్ ఒకటుంది, సినిమా హాళ్ల డిజిటల్ ప్రొజెక్టర్లలో ఉండే జాతిదే. ఒక్కో అద్దం అటో ఇటో వాలుతుంది. వాలినదాన్ని బట్టి వెలుతురు పడుతుంది, లేదా పడదు. అలా బిళ్ల అడ్డుకోత బొమ్మ మొత్తాన్ని ఒకేసారి ద్రవం మీద పడేస్తారు. వెలుతురు తగిలినచోట ద్రవం గట్టిపడుతుంది, తగలనిచోట ద్రవంగానే ఉండి తర్వాత కడిగితే పోతుంది. పీఠం ఆగకుండా కదులుతూ ఉంటుంది, పొరలు అన్న ప్రసక్తే లేదు. ఆవగింజ మొత్తం 1.6 సెకన్లలో తయారు. తుమ్ము వచ్చి ఆగేలోపు.

వెలుతురుతో గట్టిపడటం అంటే వింతగా ఉంటే, పంటికి సిమెంటు పెట్టించుకున్నవాళ్లు గుర్తు చేసుకోవాలి. డాక్టరు మెత్తటి ముద్ద పెట్టి నీలిరంగు లైటు చూపిస్తే కొన్ని సెకన్లలో అది పన్నులా బిగుస్తుంది. రసాయన కుటుంబం కూడా ఇంచుమించు అదే, మెథాక్రిలేట్లు. ఇక్కడ ఆ గుణాన్ని జెలటిన్‌కి తగిలించారు. మాత్రల గొట్టాల్లో వాడే జెలటినే, పశువుల చర్మంలో ఎముకల్లో ఉండే కొల్లాజన్‌ని ఉడికిస్తే వచ్చేది. కణాలకి అది పుట్టింటి వాసన లాంటిది, పట్టుకుని నిలబడతాయి. దాంతో పాటు పాలీ ఇథిలీన్ గ్లైకాల్ కలిపారు, విరేచనం మందుల్లోనూ లేపనాల్లోనూ మనకి తెలియకుండా మనం రోజూ వాడేది. ఒకటి కణాన్ని రానిస్తుంది, రెండోది ఆకారం చెడకుండా కాపాడుతుంది. రెండిటి పాళ్లూ మారుస్తూ, ముక్క మెత్తదనాన్ని వెన్నుపాము మెత్తదనానికి దగ్గరగా తెచ్చారు. ఇడ్లీ పిండిలో మినపపప్పు పాళ్లు తెలిసినవాళ్లకి ఈ కష్టం వేరే చెప్పక్కర్లేదు. గట్టిగా ఉంటే పక్కనున్న కణజాలాన్ని రాస్తుంది, మెత్తగా ఉంటే సొరంగం కూలిపోతుంది.

ఇంగ్లీషులో దీన్ని స్కాఫోల్డ్ అంటారు, అంటే పరంజా. ఆ మాట నాకు నచ్చదు. పరంజా గోడ బయట కడతారు, గోడ లేచాక విప్పేస్తారు. ఇది లోపలే ఉంటుంది, నెలల తరబడి ఆకారం నిలుపుకుంటూ మెల్లగా అరుగుతుంది. పందిరి అనడం మేలు. చిక్కుడు తీగ పందిరి మీద పాకేది పందిరి బలం వల్ల కాదు, తన బలం వల్లే. పందిరి చేసేదల్లా ఎటు పాకాలో చెప్పడం.

ఇక ఆ ‘హెచ్’ సంగతి. వెన్నుపాము మధ్యలో ఉన్న సీతాకోకచిలుకే అది. బూడిదరంగు భాగం ఉండాల్సిన చోట నిండుగా వదిలి, ఆక్సాన్ల కట్టలు పోవాల్సిన తెల్లటి భాగంలో మాత్రం చిల్లులు పెట్టారు. ముక్కని గాయంలో కూర్చోబెట్టినప్పుడు పైన ఏ కట్ట ఎక్కడ ఆగిందో దానికి ఎదురుగా చిల్లు ఉంటుంది, ఆ చిల్లుకి రెండో కొసలో అదే కట్ట కింది భాగం ఉంటుంది. కాలు కదిపే కట్ట వెళ్లి నొప్పి తెలిపే కట్ట వాకిట్లో నిలబడదు. నేను మొదట్లో అన్న ఖాళీ ఇదే. నరాన్ని తయారుచేయాలని వాళ్లు ప్రయత్నించలేదు. నరం పోయే చోటు ఖాళీగా ఉంచారు, తిన్నగా ఉంచారు, సరైన వాకిలికి ఎదురుగా ఉంచారు.

కణాలకి ఒక పరుపు వేసి నాటడం మనకి కొత్త కాదు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2000ల మొదట్లోనే నల్లగుడ్డు అంచులోంచి తీసిన మూలకణాలని ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి, రసాయనాలు పడి కాలిపోయిన కళ్లకి అంటించడం మొదలుపెట్టింది. చూపు తెచ్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అక్కడి పొర కూడా బయోమెటీరియలే, అంటే ఒంట్లో కణాలకి ఆసరాగా పెట్టే పదార్థమే. కాకపోతే కంటిపొర చాప లాంటిది, కప్పితే చాలు, ఏ దిక్కుకి పరిచినా ఒకటే. వెన్నుపాము పడుగు లాంటిది. పోగు దిక్కు తప్పిందంటే బట్టే లేదు.

ఎలుకల్లో ఏమైంది? ఛాతీ మూడో స్థాయిలో వెన్నుపాము పూర్తిగా తెగిన ఎలుకలకి ఈ బిళ్లలో మూలకణాలు నింపి పెట్టారు. కొన్ని నెలలకి చిల్లుల్లో కొత్త కణజాలం నిండి రెండు అంచులనీ కలిపింది. పైనుంచి ఆక్సాన్లు చిల్లుల్లోకి దిగాయి, నాటిన కణాల ఆక్సాన్లు కింది నుంచి బయటికొచ్చాయి. రక్తనాళాలు కూడా వాటంతట అవే లోపలికి పాకాయి. ఇది చిన్న సంగతి కాదు, నెత్తురు అందని నాటు ఎంత అందంగా ఉన్నా ఎండిపోతుంది. గాయానికి పైన విద్యుత్ ప్రేరణ ఇస్తే వెనక కాళ్లలో స్పందన కనిపించింది. ఖాళీ బిళ్ల పెట్టిన ఎలుకలకంటే వీటి వెనక కాళ్లు స్పష్టంగా బాగా కదిలాయి. కదిలాయి అంటే కీళ్లు కదిలాయి. ఒంటి బరువు మోస్తూ మామూలుగా నడిచాయని కాదు. వార్తల్లో శీర్షికలు రాసేవాళ్లు ‘కదలిక’ని ‘నడక’ చేసేస్తారు. పడిపోయిన మనిషి ఇంట్లో ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో వాళ్లకి తెలియదు.

ఎలుక నుంచి మనిషికి మధ్య కోతి ఉంది. ఆ మెట్టు మీద జరిగిన ఒక సంగతి నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఇష్టం. 2018లో ఎఫ్రాన్ రోజెన్‌జ్వైగ్ మొదటి పేరుగా ఇదే బృందం, బిళ్ల లేకుండా ఫైబ్రిన్‌తోనే, మనిషి మూలకణాలని రీసస్ కోతుల వెన్నుపాములో నాటింది. మొదట్లో నాటినవి నిలవలేదు. ఎలుకలో నిలిచిన కణాలు కోతిలో కొట్టుకుపోయాయి. కోతి పెద్ద జంతువు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం కూడా ఎక్కువ. అది పారుతూ నాటుని కడిగేసేది. పరిష్కారం ఏ జన్యువులోనూ దొరకలేదు. ఆపరేషన్ బల్లని ఏటవాలుగా పెట్టి ద్రవం పక్కకి పోయేలా చేశారు. నారు పోసేముందు మడి గట్టుకి గండి కొట్టి నీళ్లు తీసేస్తాం కదా, అంతే. పరాయి కణాలని శరీరం తరిమేయకుండా ఇచ్చే మందుల సంఖ్య కూడా పెంచాల్సి వచ్చింది. తర్వాత నాటినవి నిలిచాయి, ఆక్సాన్లు 50 మిల్లీమీటర్ల దాకా పెరిగాయి. బల్ల వాలు గురించి ఎవరూ పతాక శీర్షిక రాయలేదు. పనివాడికి మాత్రం అసలు కబురు అదే.

ఇప్పుడు మనుషులు. మా ఊళ్లో ఒక గౌడ్ తాత ఉన్నాడు. తాడెక్కి పడి పన్నెండేళ్లయింది. మోకు జారింది. తెలంగాణలో కల్లుగీత కార్మికుల ఇళ్లలో ఇది అరుదైన కథ కాదు. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో పట్టీల కిట్లు పంచడం మొదలుపెట్టింది, అప్పటికి ఎందరి నడుములో పోయాయి. తాత నడుం కింద స్పర్శ లేదు. పడిన కొన్నేళ్లకి కొడుకు నన్ను పిలిచి ఒక కరపత్రం చూపించాడు. ఏదో పట్నంలో ఒక క్లినిక్, స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లతో నడిపిస్తామని, లక్షల్లో ప్యాకేజీ. ఎకరం అమ్ముదామన్నాడు. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకి తప్ప మిగతా వేటికీ స్టెమ్‌సెల్ చికిత్సని మామూలు వైద్యంగా అమ్మకూడదని, అనుమతి పొందిన పరీక్షల్లో మాత్రమే, అదీ రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా చేయాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో ఉంది. నేనా మాట చెప్తే కొడుక్కి నామీద కోపమొచ్చింది. ఎకరం మిగిలింది. కోపం కూడా కొన్నాళ్లు మిగిలింది.

తాత గాయానికీ ఎలుక గాయానికీ పెద్ద తేడా ఉంది, ఈ బిళ్లని మెచ్చుకునేవాళ్లు దాన్ని దాటేసి పోకూడదు. ఎలుక వెన్నుపాముని సన్నటి కత్తితో నీట్‌గా కోశారు. తాతది నలిగింది. ఎముక పగిలి వెన్నుపాముని నొక్కింది. మనుషుల్లో ఎక్కువ గాయాలు ఇలా నలిగినవే, కత్తి కోతలు కావు. నలిగిన చోట అంచున కొన్ని పోగులు బతికి ఉండొచ్చు. బిళ్ల కూర్చోబెట్టాలంటే చోటు చేయాలి, చోటు చేయాలంటే కోయాలి, ఆ కోతలో బతికున్న పోగులు పోతే? మిగిలిన కాస్త స్పర్శ కోసం ఒక మనిషి ఎంత ఆశపడతాడో తెలిసిన సర్జన్ చెయ్యి అక్కడ ఆగుతుంది. ఆగాలి కూడా.

కత్తిపోటు గాయాల్లో పోలండ్‌లో జరిగింది ఒకటుంది. వెన్నుపాము దాదాపు పూర్తిగా తెగిన మనిషికి 2012లో వ్రొత్స్వాఫ్ నగరంలో పావెల్ టబాకోవ్ శస్త్రచికిత్స చేశాడు, లండన్‌లో జెఫ్రీ రైస్‌మన్ దశాబ్దాల పరిశోధన ఆధారంగా. మెదడులో వాసన పట్టే భాగం నుంచి తీసిన కణాలని గాయం పైనా కిందా సూదితో నాటి, 8 మిల్లీమీటర్ల ఖాళీలో ఆ మనిషి కాలి చీలమండ దగ్గరి నరం పట్టీలనే నాలుగింటిని పరిచారు. ఆయన కాళ్లలో కదలిక, స్పర్శ కొంత తిరిగొచ్చాయి, ఊతంతో అడుగులు వేశాడు. అక్కడి పందిరి కూడా రోగి ఒంట్లోంచి తీసిన నరమే, అగ్వాయో ఎలుకల్లో వాడిన పందిరి. ఒక్క మనిషి మీద చేసినదాన్నుంచి ఎంత నమ్మాలన్నది వేరే మాట.

నలిగిన గాయాలకి జపాన్ దారి వేరు. కెయో విశ్వవిద్యాలయంలో హిదెయుకి ఒకానో, మసాయా నకమురా ఇద్దరూ కలిసి, షిన్యా యమనక 2006లో కనిపెట్టిన పద్ధతిలో మామూలు కణాలని వెనక్కి నడిపించి మూలకణాలుగా మార్చి, వాటి నుంచి నాడీకణాల మూలాలు తయారుచేశారు. గాయమైన 14 నుంచి 28 రోజుల లోపు, ఒక్కొక్కరికి 20 లక్షల కణాలు. మొదటి నాటు 2021 డిసెంబరులో. నలుగురి ఫలితాలు 2025 మార్చిలో చెప్పారు. ఇద్దరిలో మెరుగు కనిపించింది, ఒకరు ఊతం లేకుండా నిలబడి నడక అభ్యాసం మొదలుపెట్టారు. అందులో బిళ్ల లేదు, పందిరి లేదు, కణాలే. గాయం తాజాగా ఉంది కనక అడ్డుగోడలు ఇంకా లేవలేదు. పన్నెండేళ్ల పాత గుంటకి ఆ వైద్యం వర్తించదు. అలాంటి పాత గుంటకే ఏదో ఒకనాటికి బిళ్ల అవసరం పడుతుందని నాకనిపిస్తుంది, చంపడానికి అక్కడ బతికున్న పోగులు తక్కువ కనక.

2019 వ్యాసంలో ఎలుకల లెక్కలన్నీ అయ్యాక ఇంకో వస్తువుంది. నిజమైన మనుషుల వెన్నుపాము గాయాల ఎమ్మారై స్కాన్లు తీసుకుని, ఆ గాయం ఆకారానికే, 4 సెంటీమీటర్ల ముక్కలు అచ్చువేశారు. పది నిమిషాల్లోపు అయిపోయింది. ఎవరికీ పెట్టలేదు, చేయగలమని చూపించడానికి చేసినవి. ఎలుక బిళ్ల లాగా అన్నీ ఒకే అచ్చు కాదు ఇవి. ఎవరి గాయం ఎలా పడితే వాళ్ల ముక్క అలా ఉంటుంది, దర్జీ కొలత తీసుకుని కుట్టినట్టు.

మొన్న ఊరెళ్లినప్పుడు తాతకి ఫోనులో ఆవగింజ బొమ్మ చూపించాను. ఎలుకలకి పెట్టారు, మనుషులకి కాదు అని ముందే చెప్పాను. కరపత్రం రోజులు ఇద్దరికీ గుర్తున్నాయి. నులకమంచం మీద మోచేయి ఆనించి, కళ్లద్దాలు సవరించుకుని, బొమ్మని వేళ్లతో పెద్దది చేశాడు. నయమవుతుందా అని అడుగుతాడనుకున్నాను. నలభై ఏళ్లు కత్తి నూరి గెల గీసిన చెయ్యి అది.

“గింత సన్న బెజ్జాలు ఏ కత్తితోని కోసిండ్రు బిడ్డా?”

“కత్తి కాదు తాతా, వెలుతురు.”

నమ్మలేదు. ఫోను అటు తిప్పి, ఇటు తిప్పి, గుమ్మంలోంచి వచ్చే ఎండకి పెట్టి మళ్లీ చూశాడు.